పెన్నోబిలేసు చేతిలో టెంకాయ

నేను చెప్పేవాటిలో సగం అబద్ధాలని మా ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నప్పుడు గుంటూరు కాన్వెంటులో అబద్ధం దొరికితే సిస్టర్లు బెత్తంతో రెండు దెబ్బలు వేసేవారు. చిన్నదానికీ రెండే, పెద్దదానికీ రెండే. ఎలాగూ రెండే కదా అని అప్పట్నుంచీ పెద్దవే చెప్పడం అలవాటైంది. పెన్నోబిలేసు సంగతి మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఇందులో ఒక అబద్ధం ఉంది. అది నాదే.

ఢిల్లీలో మేముండే ద్వారకకి మెట్రో వచ్చాక మొదటి వేసవి అది, 2006. మా సొసైటీలో నాలుగు బ్లాకులు. సగం మంది కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే, పనిచేసి రిటైరైన తెలుగువాళ్ళు. లిఫ్టు ఉంది, పార్కు ఉంది, గేటు దగ్గర మీసాల కాపలాదారు ఉన్నాడు. నీళ్ళు మాత్రం లేవు. వారానికి రెండుసార్లు ట్యాంకరు వస్తే, డైరెక్టర్లూ డిప్యూటీ సెక్రటరీలూ కూడా లుంగీల మీదే బకెట్లు పట్టుకుని పరుగెత్తేవారు.

పెన్నోబిలేసు అప్పటికి ఏడాదిగా మా ఫ్లాటుకి ఆనుకుని ఉన్న చిన్న గదిలో ఉంటున్నాడు. అనంతపురం జిల్లావాడు. పెన్నహోబిలం నరసింహస్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. ఢిల్లీలో ఎవరికీ అది నోరు తిరగక, కాపలాదారు దగ్గర్నుంచి అందరూ ‘పెన్ను భయ్యా’ అనేవారు. తిరుపతిలో జియాలజీ ఎమ్మెస్సీ చేసి, పోటీ పరీక్షలు రాయడానికి వచ్చాడు. అద్దెకి బదులు మా మనవరాలు శ్రుతికి లెక్కలు చెప్పేవాడు. ఇరవైనాలుగేళ్ళు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల కాస్త పక్కకి వంచి ఉండేవాడు.

మా బ్లాకు వెనకాల గోడ పక్కన ఎప్పుడో ఎండిపోయిన బోరు ఒకటుంది. దాని మీద సిమెంటు పలక వేసి వదిలేశారు. ఆంధీ అనే దుమ్ము తుఫాను వచ్చే ముందు, ఆకాశం పసుపురంగుకి తిరిగినప్పుడు, ఆ పలక కిందనుంచి ఎవరో పెద్ద ఊపిరి వదులుతున్నట్టు చప్పుడొచ్చేది. దాని మీద పిల్లలకి నేనొక కథ అల్లి పెట్టాను. ఇదంతా ఒకప్పుడు గోధుమ పొలం, ఆ పొలం ఆసామి చౌధరీ ఇళ్ళకి భూమి ఇచ్చాడు గానీ హుక్కా మాత్రం ఇవ్వనన్నాడు, హుక్కాతో సహా ఈ బోరులోకి దిగిపోయాడు, ఇప్పుడు మనం వినేది ఆయన దమ్ము లాగి వదలడం.

“తాతా, ఫిర్ క్యా హువా?” అని, తర్వాతేమైందో చెప్పమని శ్రుతి నా మోచెయ్యి గిల్లుతూ ఉండగా పెన్నోబిలేసు అటే వచ్చాడు. సరిగ్గా అప్పుడే బోరు ఊదింది. అతని ముఖంలో రక్తం లేదు.

“పెన్ను భయ్యా, ఆప్ భీ డర్ గయే!” అని, అతను కూడా జడుసుకున్నందుకు పిల్లలు చప్పట్లు కొట్టారు.

అతను తేరుకుని వాళ్ళకి విషయం చెప్పాడు. బయట గాలి ఒత్తిడి తగ్గితే గొట్టంలోని గాలి పైకొస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది, అంతే. పిల్లలు నిరాశపడ్డారు, నేను ఇంకా ఎక్కువ నిరాశపడ్డాను. కానీ ఆ తర్వాత ఒకటి గమనించాను. పాల బూతుకి వెనక దారిన వెళితే రెండు నిమిషాలు, ముందునుంచి చుట్టూ తిరిగితే పది. అతను రోజూ పది నిమిషాల దారినే వెళ్ళేవాడు.

“సైన్సు చెప్పినవాడివి, నీకేం భయమోయ్?” అని అడిగాను ఒకరోజు.

“భయం కాదు తాతా. మా చేన్లో ఇట్లాంటివి ఏడుండాయి. గాలి దుమారం లేచిన రోజు ఏడూ ఒకేసారి ఊదుతాయి. ఒక్కోదానికి ఒక్కో గొంతు. ఏడోదాని గొంతు నాకు బాగా గుర్తు.”

“ఏడోదాంట్లో ఏమంత విశేషం?”

“అది నేను చూపించిన చోటు. టెంకాయ పట్టుకుని నడిచింటి. చేతిలో లేచి నిలబడింది.” మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

కొబ్బరికాయని అరచేతిలో పడుకోబెట్టుకుని నడవడం, కింద నీళ్ళున్న చోట అది లేచి నిలబడడం నేనూ విన్నవాణ్ణే. నాకంత చాలు. మర్నాడు ట్యాంకరు క్యూలో మా సొసైటీ సెక్రటరీ సదాశివరావు దొరికాడు. ఆఫీసులో ఏ కాగితమైనా మూడుసార్లు చదివితే గానీ సంతకం పెట్టని మనిషి. కొత్త బోరుకి అనుమతి వచ్చింది, ఎక్కడ వెయ్యాలో తెలియడం లేదని ఆయన బాధ.

“మా ఇంట్లోనే మనిషిని పెట్టుకుని ఎక్కడెక్కడో వెతుకుతున్నావు” అన్నాను. “పెన్నోబిలేసు వాళ్ళది ఏడు తరాల విద్య. వాళ్ళ ముత్తాత ఓసారి పరధ్యానంగా కొబ్బరికాయ చేత్తో పట్టుకుని వంటింట్లో తిరిగాడట. పొయ్యి పక్కన ఊట పుట్టి ఆ పూట పప్పంతా చారైపోయింది.”

క్యూలో వాళ్ళు నవ్వారు. సదాశివరావు నవ్వలేదు. “ఏడు తరాలా, బాబాయిగారూ?” అన్నాడు మెల్లిగా. ఆయన చేతిలో రెండు ఖాళీ బకెట్లున్నాయి.

ఆ రోజుల్లో పెన్నోబిలేసు కిటికీ గట్టు మీద ఒక గ్రానైటు రాయి కింద రెండు ఉత్తరాలు ఉండేవి. ఒకటి బ్యాంకు ఆఫీసరు ఉద్యోగం. రెండోది భూగర్భ జలాల శాఖలో ఉద్యోగం, ఊళ్ళు తిరిగి ఎక్కడ నీళ్ళున్నాయో, ఎక్కడ లేవో రైతులకి చెప్పే పని. రెండింటికీ జూన్ పదో తారీకులోపు జవాబు చేరాలి. ఏదో ఒకదానికే ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. రోజూ రెండూ తీసి చదివి, మళ్ళీ రాయి కింద పెట్టేవాడు.

వాళ్ళ నాన్న తిప్పన్న ఆదివారాల్లో ఊరి టెలిఫోను బూతునుంచి ఫోన్ చేసేవాడు. ఢిల్లీ దూరం కాబట్టి గట్టిగా అరవాలని ఆయన నమ్మకం. ఆ అరుపు మా హాల్లోకి వినపడేది. “బ్యాంకు రా! ఫ్యాను కింద కుర్చీ! ఇంకేం ఆలోచన చేస్తాండావు?” కొడుకు “చూస్తా నాయనా” అనేవాడు. ప్రతి ఆదివారం అదే మాట.

మే చివర్లో ఒక మధ్యాహ్నం నేను పేపర్లో పదబంధ ప్రహేళిక నింపుతుంటే పెన్నోబిలేసు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“ఏం చెప్పినావు తాతా వాళ్ళకి? సదాశివరావు సారు నాకు చేతులెత్తి దండం పెట్టినాడు. ఆదివారం నడవాలంట.”

“కాస్త ఉప్పూకారం వేసి చెప్పానోయ్. నువ్వే కదా కాయ లేచిందన్నావు.”

“లేయలేదు. నేనే లేపినా.”

పెన్ను కింద పెట్టాను. అతను కుర్చీలో కూర్చోలేదు. గోడకి ఆనుకుని, నేలవైపు చూస్తూ చెప్పాడు.

“మా నాయన ఆరు బోర్లేసినాడు. ఆరింట్లోనూ దుమ్మే. ఏడోదానికి నీళ్ళు చూసే పెద్దాయన్ని పిలిపిస్తే ఆయన చేతులు వణుకుతాండాయి. పసిచేతికి అబద్ధం రాదు, కాయ పిల్లోని చేతిలో పెట్టు అన్నాడు. నాకు పదకొండేండ్లు. మే నెల, మిట్టమధ్యాహ్నం. చెప్పులిడిసి నడవాల. నేల పెనం మాదిరి కాలుతాంది. పైనుంచి కిందికి నడుస్తానే ఉండా, కాయ లేయదు. మా నాయన నా ముందర వెనక్కి వెనక్కి నడుస్తా నా చేతినే చూస్తాండాడు. ఇంక ఓర్చుకోలేక వేళ్ళు మడిచి కాయను కిందనుంచి ఎత్తినా. నిలబడింది. మా నాయన ఆడనే కూలబడి నేలకు మొక్కినాడు.”

“తర్వాత?”

“మూడు నూర్ల అడుగులు పోయింది. తెల్లటి దుమ్ము. ఆ బోరు కోసమని కింది చేను అమ్మేసినాడు.”

“పదకొండేళ్ళ పిల్లాడివి. కాళ్ళు కాలాయి, ఎత్తావు. ఆ పెద్దాయన ఎత్తినా అంతేగా.”

“అంతటితో పోలేదు తాతా. అది ఎందుకు ఎండిందో తెలుసుకోవాలనే జియాలజీ చదివినా. సెలవుల్లో కాలేజీ మిషను తీసుకొనిపోయి నేల చూసినా. నేను నిలబడిన చోట కింద అంతా ఒకటే బండ. ఇంకో నలభై అడుగులు నడిచింటే బండలో పగులుంది. ఆ పగుల్లో నీళ్ళు. అది అట్లే కింది చేన్లోకి పోతాది. కొన్నాయన ఆడ బోరేస్తే నీళ్ళు పడినాయి. ఇప్పుడది చీనీ తోట, మీరు బత్తాయి అంటారే అది. మా నాయన ఆ తోటలోనే కూలికి చెట్లకు నీళ్ళు కడతాండాడు.”

నేను పేపరు మడిచి పక్కన పెట్టాను.

“మీ నాన్నకి చెప్పావా?”

“ఏమని చెప్పేది? బ్యాంకులో చేరితే మళ్ళీ ఎవురికీ చోటు చూపించే పని ఉండదు. నీళ్ళదాంట్లో చేరితే దినామూ ఒక నాయన ముందర నిలబడాల. ఆయన నా చేతినే చూస్తా ఉంటాడు. ఆ చూపును నేను ఎన్నిసార్లు చూసేది?”

నేను అప్పుడే లేచి సదాశివరావు ఇంటికి వెళ్ళి ఏడు తరాలూ నా కల్పనే అని చెప్పి ఉండాల్సింది. వెళ్ళలేదు. బదులుగా ఒక ఉపాయం చెప్పాను. “ఊరికే నడువు. నువ్వు లేపకపోతే అది లేవదు. ఇక్కడ నీళ్ళు లేవని చెప్పేద్దాం. నీకూ ఇబ్బంది లేదు, నాకూ పరువు పోదు.” అప్పటికి అది చాలా తెలివైన ఉపాయంలా కనిపించింది. పెన్నోబిలేసు ఏడాదిగా మా ఇంటి అన్నం తింటున్న కుర్రాడు, కాదనలేకపోయాడు.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికే నేల కాలుతోంది. నాలుగు బ్లాకులూ పార్కు చుట్టూ చేరాయి. నా భార్య ఛాయాదేవి పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెచ్చింది. మూడో బ్లాకు పంజాబీ ఆవిడ తలమీద కొంగు కప్పుకుని చేతులు జోడించింది. పెన్నోబిలేసు చెప్పులు విడిచి, కాయని కుడి అరచేతిలో పడుకోబెట్టుకుని, అయిదు వేళ్ళూ బార్లా చాచాడు. వేళ్ళు మడవనని అందరికీ చూపిస్తున్నట్టు ఉంది.

నడిచాడు. సదాశివరావు అతని ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, కళ్ళు ఆ చేతిమీదే పెట్టాడు. ఎవరూ ఆయనకి అలా నడవమని చెప్పలేదు. పెన్నోబిలేసు అది చూసి ఒక్కసారి ఆగాడు. మళ్ళీ అడుగు వేశాడు. గేటు నుంచి పార్కు, పార్కు నుంచి జనరేటరు గది. కాయ కదల్లేదు. నా ఉపాయం పారుతోందని నేను లోలోపల మురిసిపోతున్నాను.

ఉయ్యాల దాటాక, వేప మొక్క నాటిన మూల దగ్గర, కాయ లేచింది.

నేను రెండు గజాల దూరంలో ఉన్నాను. నా కళ్ళద్దాలు కొత్తవి. అతని వేళ్ళు బార్లా చాచినవి చాచినట్టే ఉన్నాయి. కాయ పిలక ముందు వణికింది, తర్వాత నిద్రలోంచి ఎవరో తల ఎత్తినట్టు మెల్లిగా లేచి నిలబడింది. నా మాట నమ్మనివాళ్ళు నమ్మకండి. నాకే ఈరోజుకీ నమ్మకం లేదు.

జనం ఓహో అన్నారు. సదాశివరావు వంగి నేలకి దండం పెట్టాడు. పెన్నోబిలేసు చెయ్యి విదిలించాడు, కాయ దొర్లిపోయింది. నా భుజం పట్టుకుని చెవి దగ్గర అన్నాడు.

“నేను లేపలేదు తాతా. ఒట్టు. లేపలేదు.” ఆ తర్వాత ఇంకా చిన్నగా, “ఆ పొద్దు గూడా లేపలేదేమో. లేపినానని ఇన్నేండ్లూ... ఏది నిజమో నాకు తెలీడం ల్యా” అన్నాడు.

అతని అరచేయి చల్లగా, తడిగా ఉంది. పదమూడేళ్ళుగా అతన్ని తరుముతున్న తప్పు ఒక్కటే అతనికి గట్టిగా తెలిసిన సంగతి. ఇప్పుడు అది కూడా చేతిలోంచి జారిపోయింది.

అయినా అతను చేసిన పని చూడండి. జనం మధ్యకి వెళ్ళి అందరికీ అర్థమయ్యేలా హిందీలో చెప్పాడు. చిన్నప్పుడు తాను ఇలాగే చూపించిన చోట చుక్క నీళ్ళు పడలేదని, దీన్ని నమ్మి తవ్వొద్దని, రెండు వారాలు ఆగితే తనకి తెలిసినవాళ్ళచేత మిషను తెప్పించి నేల పరీక్ష చేయిస్తానని.

సదాశివరావు ఆప్యాయంగా నవ్వాడు. “అసలైన విద్య ఉన్నవాళ్ళు ఇలాగే అంటారు. గొప్పలు చెప్పుకోరు.”

“సారూ, నేను నిజం చెప్తాండా.”

“బేటా, భగవాన్ నే హాథ్ దియా హై” అంది పంజాబీ ఆవిడ, అది దేవుడిచ్చిన చెయ్యని అతని చేతిని కళ్ళకద్దుకుంటూ.

ఇక నేను ముందుకొచ్చాను. “ఏడు తరాలూ లేవు, ముత్తాతా లేడు, పప్పు చారవలేదు. అన్నీ నేనే కల్పించాను” అన్నాను.

“బాబాయిగారు మళ్ళీ మొదలెట్టారు!” అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. డెబ్భైరెండేళ్ళలో నేను నలుగురి ముందు ఒప్పుకున్న మొదటి అబద్ధం అది, దాన్ని మాత్రం ఎవరూ నమ్మలేదు. వాళ్ళు నవ్వుతుండగానే సదాశివరావు ఆ చోట పసుపు చల్లి, చుట్టూ నాలుగు ఇటుకలు పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం పెన్నోబిలేసు అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు.

“చూడు తాతా, ఇంతమంది చదువుకున్నోళ్ళు. వద్దంటే ఒక్కరు వినలేదు. బోరు వెయ్యి అనేదానికి టెంకాయ చాలు. వద్దు అనేదానికి మాత్రం చేతిలో సర్కారు కాగితం ఉండాల.”

“అయితే ఆ ఉద్యోగమే అంటావా?”

“అననింకా. కాగితం ఉంటే మాత్రం ఆ చూపు మారుతుందా?”

గురువారం పది గంటలకి బోరు లారీ వచ్చింది. ఇనుప గొట్టాలు నేలలోకి దిగుతుంటే మూడో అంతస్తులో మా వంటింటి గిన్నెలు గలగలలాడాయి. ఆరేసిన బట్టలన్నీ దుమ్ము కొట్టుకుపోయాయి. పెన్నోబిలేసు గదిలో ఉండలేకపోయాడు, కిందికీ పోలేకపోయాడు. బాల్కనీలో నా పక్కన నిలబడి, ఉన్నట్టుండి జేబులోంచి ఫోను తీసి చీనీ తోట ఆసామి మోటారు షెడ్డులో పెట్టించిన ఫోనుకి కలిపాడు. ఆదివారం కాని రోజున అతను ఫోన్ చెయ్యడం నేను అదే మొదటిసారి చూడడం. ఎవరో కేకేస్తే తిప్పన్న వచ్చాడు. ఆయన గొంతు ఎప్పట్లాగే నాక్కూడా వినపడుతోంది.

“ఏమిరా నాయనా, ఈ పొద్దు చేసినావు? ఒళ్ళు బాగుండాదా?” వెంటనే గొంతు మారింది. “ఏందిరా ఆ శబ్దం? బోరు లారీనా?”

“అవు నాయనా.”

“ఎన్నడుగులు పోయింది?”

“డెబ్భై.”

“దుమ్ము ఏం రంగుంది? తడి తగిలిందా? దూరంగా నిలబడొద్దు, పోయి చేత్తో పట్టి చూడు!” ఆ గొంతులో ఇరవయ్యేళ్ళ వయసు తగ్గిపోయింది. పక్కన మోటారు నడుస్తున్న చప్పుడు, కాలవలో నీళ్ళ చప్పుడు కూడా వినపడ్డాయి.

“నాయనా, ఏడో బోరు... ఆ పొద్దు టెంకాయ నేనే లేపినా.”

“ఆఁ? వినపల్యా. బండి మోతలో ఏం తెలీడంల్యా. గట్టిగా చెప్పు.”

పెన్నోబిలేసు నావైపు చూశాడు. ఒకసారి చెప్పడానికి పదమూడేళ్ళు పట్టిన మాట అది. కళ్ళు మూసుకుని, కింద బోరు పనివాళ్ళు తలెత్తి చూసేంత గట్టిగా అరిచాడు.

“ఏడో బోరు నాయనా! టెంకాయ లేయలేదు! కాళ్ళు కాలి నేనే లేపినా! లేపినాననే అనుకుంటాండా!”

సరిగ్గా అప్పుడే కింద గొట్టం మూతినుంచి బూడిదరంగు బురద ఎగజిమ్మింది. దాని వెనకే నీళ్ళు. జనం కేకలు పెట్టారు. సదాశివరావు చొక్కా తడుస్తున్నా జరగకుండా దోసిలి పట్టి నోట్లో పోసుకుని, ముఖం చిట్లించి ఉమ్మేశాడు. ఉప్పు నీళ్ళు. అయినా ఆయనా నవ్వుతున్నాడు, అందరూ నవ్వుతున్నారు. పంజాబీ ఆవిడ మా బాల్కనీ వైపు చేతులెత్తి మొక్కుతోంది.

“నీళ్ళు పడినాయా?” అన్నాడు తిప్పన్న.

“పడినాయి. ఉప్పు నీళ్ళు.”

ఈసారి ఆయన అరవకుండా మాట్లాడాడు. అందుకే నేను చెవి దగ్గరగా పెట్టాల్సి వచ్చింది.

“ఏ ఉద్యోగంలో చేరతాండావు?”

పెన్నోబిలేసు కింద మొక్కుతున్న ఆవిడ వైపే చూస్తున్నాడు. “నీళ్ళదాంట్లో” అన్నాడు. ఆ మాట అనేదాకా అతనికీ తెలియదనుకుంటాను.

“చేరు. మన పక్కకు మాత్రం పోస్టింగు వేయించుకోవద్దు” అన్నాడు తిప్పన్న.

“ఎందుకు నాయనా? నా మీద కోపమా?”

“పై చేను రెండెకరాలు ఇంకా ఉంది రా. నువ్వొచ్చి వేలు చూపిస్తే నేను మళ్ళీ బోరు వేస్తా.”

ఫోను పెట్టేశాడు.

సాయంత్రం పెన్నోబిలేసు నా బల్ల దగ్గర కూర్చుని జలాల శాఖ కాగితాలు నింపాడు. ఏ ప్రాంతంలో పని కావాలో మూడు పేర్లు రాయమన్నారు. మూడూ ఎడారివైపువే రాశాడు. దాని కింద, వెళ్ళలేని ప్రాంతం ఏదైనా ఉంటే రాయమని ఒక గడి, కారణం రాయమని దాని పక్కన ఇంకో గడి ఉన్నాయి. మొదటి గడిలో అనంతపురం అని రాశాడు. రెండో గడి మీద పెన్ను ఆనించి, దీపాలు పెట్టే వేళ దాకా అలాగే కూర్చున్నాడు. ఛాయాదేవి వచ్చి కాఫీ చల్లారిపోతోందని రెండుసార్లు చెప్పింది.

ఆ గడి ఖాళీగానే పంపించాడు.